అప్పడంలా వంగిన గ్యాస్ డిస్కులు: జంట నక్షత్రాల చుట్టూ అసలేం జరుగుతోంది?

కొన్నేళ్ల క్రితం "మూడు సూర్యుళ్ల చుట్టూ తిరిగే గ్రహం దొరికిందా?" అని హెడ్‌లైన్లు వచ్చాయి, గుర్తుందా. ఆ గొడవంతా జీడబ్ల్యూ ఓరయోనిస్ అనే నక్షత్రాల గుంపు గురించి, మనకి దాదాపు 1300 కాంతి సంవత్సరాల దూరంలో, ఓరయన్ నక్షత్రరాశి వైపు ఉంటుంది. నిజానికి అక్కడ గ్రహాన్ని ఎవరూ చూడలేదు. చూసింది వంకరపోయిన ఒక గ్యాస్ డిస్క్‌ని, అందులో ఒకదానికొకటి పొసగకుండా ఉన్న మూడు రింగుల్ని. అలా ఎందుకు వంగింది అనే దగ్గర శాస్త్రవేత్తలు రెండు వర్గాలయ్యారు, వార్తల్లో మాత్రం గ్రహం ఒక్కటే మిగిలింది. ఆ వాదన అర్థం కావాలంటే ముందు డిస్క్ ఎలా వంగుతుంది, వంగాక ఏమవుతుంది అనేది తెలియాలి, అందుకే మొదట్నుంచి వద్దాం.

డిస్క్ అంటే ఏంటి, వంపు అంటే ఏంటి

గ్యాస్ మేఘం తన బరువుకి తానే కూలిపోయి నక్షత్రంగా మారేటప్పుడు ఆ గ్యాస్ మొత్తం నేరుగా లోపలికి పడిపోదు, ఎంతో కొంత గిరగిరా తిరుగుతూ ఉంటుంది కాబట్టి చుట్టూ పళ్లెంలా పరుచుకుంటుంది. అదే డిస్క్. బరువులో దాదాపు 99 శాతం గ్యాస్, 1 శాతం ధూళి అని సాధారణంగా లెక్కేస్తారు. గ్రహాలు పుట్టేది ఇందులోనే, అదీ కొన్ని మిలియన్ ఏళ్లలోపే, ఎందుకంటే ఆ తర్వాత గ్యాస్ మిగలదు.

ఈ పళ్లెం ఒకే ముక్క కాదు, ఇది చాలా ముఖ్యం. పక్కపక్కనే ఉన్న వేల రింగులు అనుకోండి, లోపలి రింగు స్పీడుగా, బయటిది నెమ్మదిగా, ఎవరి దారిలో వాళ్లు తిరుగుతుంటారు. అన్ని రింగులూ ఒకే తలంలో ఉంటే డిస్క్ చదును. డిస్క్ మొత్తం ఒకే కోణంలో ఒరిగితే అది వాలు, అంతేగానీ వంపు కాదు. లోపలి రింగులు ఒక కోణంలో, బయటివి ఇంకో కోణంలో ఉండి మధ్యలో మెల్లగా మెలి తిరిగితే అప్పుడు వంపు, నిప్పు మీద కాల్చిన అప్పడం అంచులు ఎలా లేస్తాయో అలాగన్నమాట. వాలుకీ వంపుకీ ఉన్న ఈ తేడాని వార్తలు రాసేవాళ్లు తరచూ కలిపేస్తారు, తర్వాత అదే తికమక.

అసలు ఒరగడం ఎందుకు అంటే, నక్షత్రాలు పుట్టే చోటు మనం బొమ్మల్లో చూసినంత నీట్‌గా ఉండదు. సూర్యుడి లాంటి నక్షత్రాల్లో దాదాపు సగానికి తోడు నక్షత్రం ఉంటుంది, ఈ జంట ఒక తలంలో తిరుగుతుంటే ఆలస్యంగా వచ్చిపడే గ్యాస్ ఇంకో దిక్కు నుంచి వస్తుంది. మాథ్యూ బేట్ అనే శాస్త్రవేత్త 2018లో ఒక నక్షత్ర సమూహం మొత్తం పుట్టడాన్ని కంప్యూటర్‌లో నడిపి చూపించిన సిమ్యులేషన్లో డిస్కులు అన్ని రకాల కోణాల్లోనూ వచ్చాయి. అంటే ఒరిగిన డిస్క్ వింతేమీ కాదు.

బొంగరం తల ఊపినట్టు

ఇప్పుడు రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి, వాటి చుట్టూ బయట ఒక గ్యాస్ రింగు, కాస్త వాలుగా. నక్షత్రాల జంట తన గురుత్వాకర్షణతో ఆ రింగుని తన తలంలోకి లాగాలని చూస్తుంది. అయితే రింగు వెంటనే వచ్చి ఆ తలంలో పడిపోతుందా అంటే పడిపోదు, తిరుగుతున్న వస్తువుని ఒక పక్కకి లాగితే అది ఇంకో పక్కకి జరుగుతుంది. తిరిగే బొంగరం ఒరిగినా కింద పడకుండా తల ఊపుతూ చుట్టూ తిరుగుతుంది కదా, రింగూ అంతే, వాలు అలాగే ఉంటుంది, వాలిన దిక్కు మాత్రం మారుతూ పోతుంది. దీన్ని మనం తల ఊపుడు అనుకుందాం.

ఒక లెక్క వేస్తే విషయం తేలిపోతుంది. సమాన బరువున్న రెండు నక్షత్రాలు 100 రోజులకొకసారి గుండ్రంగా తిరుగుతున్నాయి అనుకోండి. వాటి మధ్య దూరానికి 3 రెట్ల దూరంలో ఉన్న గ్యాస్ రింగు ఒక చుట్టు తిరగడానికి సుమారు 520 రోజులు పడుతుంది, ఒకసారి పూర్తిగా తల ఊపడానికి దాదాపు 68 ఏళ్లు. ఇప్పుడు 6 రెట్ల దూరంలో ఉన్న రింగు చూడండి, దూరం రెట్టింపే అయింది కానీ తల ఊపడానికి పట్టే టైమ్ 11 రెట్లకి పైగా పెరిగి దాదాపు 770 ఏళ్లు అవుతుంది.

అంటే లోపలి రింగు గబగబా తల ఊపుతుంటే బయటిది ఇంకా కదలడం మొదలుపెట్టినట్టే ఉంటుంది. మొదట్లో డిస్క్ అంతా ఒకే వాలులో ఉన్నా సరే, వందేళ్లలో లోపలి రింగులు ఒక దిక్కుకి, బయటివి ఇంకో దిక్కుకి వాలి ఉంటాయి. వాలు వంపుగా మారడం అంటే ఇదే. ఇలాగే వదిలేస్తే రింగులన్నీ చెల్లాచెదురై డిస్క్ అనేదే ఉండకూడదు. కానీ ఆకాశంలో డిస్కులు నిక్షేపంగా ఉన్నాయి, మరి వాటిని పట్టి ఉంచేది ఏంటి?

గ్యాస్ ఒకదానికొకటి కబురు పంపుకోవడం

నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది ఈ ముక్కే. రెండు పక్కపక్క రింగులు కాస్త వేరే కోణాల్లో ఉంటే, ఒక రింగు మధ్యభాగానికి పక్క రింగు మధ్యభాగం ఎదురుగా ఉండదు, ఒకచోట కాస్త పైకి, అర చుట్టు తర్వాత కాస్త కిందకి ఉంటుంది. మధ్యలో పీడనం ఎక్కువ, పైనా కిందా తక్కువ. కాబట్టి గ్యాస్‌ని ఎప్పుడూ పక్కకి ఎవరో తోస్తున్నట్టే, ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి, సరిగ్గా చుట్టుకి ఒకసారి. ఇందులో తమాషా ఏంటంటే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్యాస్‌ని కాస్త పక్కకి తోస్తే అది లోపలికీ బయటికీ ఊగే సహజమైన వేగం కూడా దాదాపు చుట్టుకి ఒకసారే. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అదే క్షణంలో తోస్తే ఏమవుతుంది, చిన్న చెయ్యే పెద్ద ఊపునిస్తుంది. అలా చిన్న వంపు కూడా గ్యాస్‌ని గట్టిగా ఊపి, ఆ ఊపుతో లోపలి రింగు వాలు సంగతి బయటి రింగుకి చేరిపోతుంది.

ఆ కబురు ఎలా వెళ్తుందనేది డిస్క్ స్వభావాన్ని బట్టి రెండు రకాలు. గ్యాస్‌లో అల్లకల్లోలం, అంటే లోపలి రాపిడి, తక్కువగా ఉండి డిస్క్ కాస్త మందంగా ఉంటే వంపు అలలా ప్రయాణిస్తుంది, ధ్వని వేగంలో దాదాపు సగం స్పీడుతో. రాపిడి ఎక్కువగా ఉండి డిస్క్ పల్చగా ఉంటే అల చచ్చిపోయి, నీళ్లలో పడ్డ సిరా చుక్కలా వంపు మెల్లగా ఇంకుతూ వ్యాపిస్తుంది. ఈ రెండో రకం బ్లాక్ హోల్ చుట్టూ ఉండే డిస్కులకి నప్పుతుంది, 1975లో బార్డీన్, పెటర్సన్ మొదలుపెట్టిన లెక్కలు ఆ బ్లాక్ హోల్ డిస్కుల గురించే, 1983లో పాపలోయిజూ, ప్రింగిల్ వాటిని సరిదిద్దారు. కుర్ర నక్షత్రాల డిస్కులు మాత్రం మందం ఎక్కువ, రాపిడి తక్కువ, కాబట్టి ఇక్కడ అలల రకమే. అక్కడి లెక్కని ఇక్కడికి తెచ్చి పెడితే తప్పు సమాధానం వస్తుంది.

మన ఉదాహరణలోకే తిరిగొద్దాం. డిస్క్ మందం, అక్కడి నుంచి నక్షత్రాలకున్న దూరంలో 5 శాతం అనుకుంటే (కుర్ర డిస్కులకి ఇది మామూలే), కబురు ఆ ప్రాంతాన్ని దాటడానికి సుమారు ఆరున్నర చుట్లు పడుతుంది. 3 రెట్ల దూరంలో అది దాదాపు 9 ఏళ్లు, 6 రెట్ల దూరంలో 26 ఏళ్లు. తల ఊపుడుకి పట్టేది 68, 770 ఏళ్లు. కబురే గెలిచింది, అదీ చాలా తేడాతో. దానివల్ల డిస్క్ విడిపోకుండా, కాస్త వంపు మిగుల్చుకుని, మొత్తం ఒకే ముక్కలా కలిసి తల ఊపుతుంది. లోపలి రింగులు తొందరపడతాయి, బయటివి వెనక్కి లాగుతాయి, చివరికి ఏదో మధ్యస్తం స్పీడుకి కుదురుతాయి. ఉమ్మడి కుటుంబం లాంటి సర్దుబాటు అనుకోండి.

ఎప్పుడు చిరుగుతుంది

అదే డిస్క్ మందం 5 శాతం కాకుండా అర శాతమే ఉందనుకోండి. గ్యాస్ చల్లగా ఉంటే డిస్క్ పల్చబడుతుంది, ధ్వని వేగమూ తగ్గుతుంది, కబురు పది రెట్లు ఆలస్యం. అప్పుడు 3 రెట్ల దూరంలో కబురుకి 90 ఏళ్లు కావాలి, తల ఊపుడుకేమో 68 ఏళ్లే. కబురు ఓడిపోయింది. లోపలి రింగు బయటివాటి కోసం ఆగదు, తెగిపోయి సొంతంగా తల ఊపడం మొదలుపెడుతుంది. 6 రెట్ల దూరంలో మాత్రం ఇంకా కబురే ముందుంది (256 ఏళ్లు, 770 ఏళ్లు), కాబట్టి అక్కడ చిరగదు. లోపలి భాగం మొదట చిరుగుతుంది, బయటిది కలిసే ఉంటుంది. క్రిస్ నిక్సన్, ఆండ్రూ కింగ్, డేనియల్ ప్రైస్ 2012, 2013లో చేసిన సిమ్యులేషన్లతో ఈ చిరుగుడు అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది.

ఇది మోటు లెక్క అని మర్చిపోవద్దు. ఆలిసన్ యంగ్, ఆమె బృందం 2023లో అలల రకం డిస్కుల మీద చాలా సిమ్యులేషన్లు నడిపారు, వాలు దాదాపు 40 డిగ్రీలు దాటి, జంటలో చిన్న నక్షత్రం మరీ తేలిక కాకపోతే ఇలాంటి డిస్కులు కూడా చిరగొచ్చని తేలింది. పైగా ఎక్కడ చిరుగుతుందో సింపుల్ ఫార్ములాతో చెప్పడం కుదరట్లేదు, చిరిగిన చోటు కూడా కాలంతో మారుతోంది. మరి మన లెక్క ఎందుకూ అంటే, దేనికీ దేనికీ మధ్య పోటీ నడుస్తోందో చూపించడానికి, అంతకుమించి దాన్ని నమ్మకండి.

చివరికి పడుకోవడమా, నిలబడటమా

చిరగని డిస్క్ ఎప్పటికీ తల ఊపుతూనే ఉండదు. గ్యాస్ లోపలికీ బయటికీ ఊగుతున్న ప్రతిసారీ కొంత శక్తి రాపిడిలో వేడిగా పోతుంది, దాంతో వాలు మెల్లమెల్లగా తగ్గి డిస్క్ నక్షత్రాల తలంలోకి వచ్చి పడుకుంటుంది, తిరగలి రాయిలా. నక్షత్రాలు గుండ్రంగా తిరుగుతుంటే, డిస్క్ మరీ తలకిందులుగా వాలకపోతే, దారి ఇదొక్కటే.

కానీ నక్షత్రాల కక్ష్య కోడిగుడ్డులా సాగి ఉంటే ఇంకో దారి తెరుచుకుంటుంది. డిస్క్ నక్షత్రాల తలానికి నిలువుగా, 90 డిగ్రీల్లో, బండి చక్రంలా నిలబడి స్థిరపడిపోవచ్చు. దీన్ని ధ్రువ డిస్క్ అనుకుందాం. సాగిన కక్ష్యలో నక్షత్రాలు ఎక్కువ కాలం దూరంగా, ఒకే గీత మీద అటూఇటూ ఉంటాయి కాబట్టి సగటున చూస్తే వాటి ఆకర్షణ రింగులా కాకుండా కడ్డీలా ఉంటుంది, నిలువు డిస్క్ ఆ కడ్డీకి ఇరుసు మీద చక్రంలా పడుతుంది. ఫరాగో, లాస్కర్ 2010లో కక్ష్యల లెక్కలతో ఇది చూపించారు, రెబెకా మార్టిన్, స్టీఫెన్ లుబో 2017లో నిజంగా గ్యాస్ డిస్క్ కూడా ఇలా నిలబడగలదని సిమ్యులేషన్‌తో చూపించారు.

ఏ డిస్క్ పడుకుంటుంది, ఏది నిలబడుతుంది అనేది మొదటి వాలు మీదా, కక్ష్య ఎంత సాగింది అనేదాని మీదా ఆధారపడుతుంది. సాగుడుని 0 నుంచి 1 దాకా కొలుస్తారు, 0 అంటే పూర్తి గుండ్రం. డిస్క్ తేలికైనదనీ, దానికి అనుకూలమైన దిక్కులోనే వాలిందనీ అనుకుంటే, సాగుడు 0.2 అయినప్పుడు నిలబడే దారి పట్టాలంటే మొదటి వాలు దాదాపు 65 డిగ్రీలు దాటాలి, 0.5 అయితే 38 చాలు, 0.785 అయితే 20 డిగ్రీలు కూడా అక్కర్లేదు. ఆ చివరి అంకె ఊరికే తీసుకోలేదు. హెచ్‌డీ 98800 అనే నాలుగు నక్షత్రాల గుంపులో ఒక జంట ఉంది, మనకి 150 కాంతి సంవత్సరాల దూరం, ఆ జంట 315 రోజులకొకసారి తిరుగుతుంది, సాగుడు సుమారు 0.785. దాని చుట్టూ ఉన్న డిస్క్ దాదాపు నిలువుగా ఉందని గ్రాంట్ కెన్నెడీ బృందం 2019లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులతో చూసి చెప్పింది. సిద్ధాంతం ముందు, చూడటం తర్వాత, అలా అరుదుగానే జరుగుతుంది.

అదే ఏడాది ఇయాన్ చెకాలా బృందం తెలిసిన జంట డిస్కులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. నెలకంటే తక్కువ కాలంలో తిరిగే జంటల డిస్కులు దాదాపు అన్నీ పడుకునే ఉన్నాయి, నెల దాటితే మాత్రం అన్ని కోణాలూ కనిపించాయి. దగ్గరి జంటల కక్ష్యలు ఎక్కువగా గుండ్రం అని గుర్తుపెట్టుకుంటే ఇది సబబుగానే ఉంది.

మన కళ్ల ముందే కదిలిన కేహెచ్ 15డీ

వందల ఏళ్లు, వేల ఏళ్లు అంటూ పోతే ఇదంతా కంప్యూటర్ కథేమో అనిపిస్తుంది. అందుకే కేహెచ్ 15డీ సంగతి చెప్పాలి. ఇది ఎన్‌జీసీ 2264 అనే నక్షత్ర గుంపులో ఉంది. 1998లో కెర్న్స్, హెర్బ్‌స్ట్ దీని విచిత్రాన్ని బయటపెట్టారు: సుమారు 48 రోజులకొకసారి ఈ నక్షత్రం వెలుగు 25 రెట్లకు పైగా తగ్గి రోజులకి రోజులు అలాగే ఉండిపోతుంది. గ్రహం అడ్డొస్తే కొన్ని గంటలే, ఇంత సేపు అడ్డుండేది ఏంటో ఎవరికీ అంతుపట్టలేదు.

అప్పుడు చేసిన పని నాకు భలే నచ్చుతుంది, పాత ఫోటోల అల్మారాలు తెరిచారు. హార్వర్డ్‌లో 1913 నుంచి 1951 దాకా తీసిన గాజు పలకల మీద ఈ నక్షత్రం పెద్దగా మసకబారిన జాడే లేదు. ఇటలీలో ఆసియాగో అబ్జర్వేటరీ 1967 నుంచి 1982 దాకా తీసిన పలకల్లో మాత్రం మసకబారుతోంది, కానీ అప్పట్లో మొత్తం మీద ఇంకా వెలుగెక్కువ. 2004లో రెండు బృందాలు విడివిడిగా ఒకే సమాధానానికి వచ్చాయి: అక్కడ నక్షత్రాలు రెండు, వాటి చుట్టూ వాలుగా ఉన్న రింగు తల ఊపుతూ, కిటికీ మీద మెల్లగా దించే కర్టెన్‌లా మన చూపుకి అడ్డంగా జరుగుతోంది. మొదట రెండూ కనిపించాయి, తర్వాత ఒకటి దాక్కుంది, 2010 ప్రాంతంలో రెండూ దాక్కున్నాయి, ఆ తర్వాత మొదట దాక్కున్న నక్షత్రం కర్టెన్ అవతలి అంచు నుంచి తొంగిచూసింది. ఒక డిస్క్ తల ఊపుడుని వందేళ్ల ఫోటోల్లో చూడటం అంటే మాటలు కాదు.

జీడబ్ల్యూ ఓరయోనిస్ దగ్గర అసలు వాదన

ఇక మొదట మొదలుపెట్టిన చోటికి. ఇక్కడ రెండు నక్షత్రాలు 241 రోజులకొకసారి తిరుగుతుంటే, మూడోది వాటి చుట్టూ 11 ఏళ్లకి పైగా తీసుకుని తిరుగుతుంది. డిస్క్‌లో మూడు ధూళి రింగులు, భూమి-సూర్యుడి మధ్య దూరానికి సుమారు 46, 188, 338 రెట్ల దూరాల్లో. లోపలి రింగు మిగతావాటితో అస్సలు కలవకుండా వేరే కోణంలో ఉంది.

2020లో స్టెఫాన్ క్రాస్ బృందం 11 ఏళ్ల పరిశీలన తర్వాత చెప్పింది ఏంటంటే, లోపలి రింగు నక్షత్రాల లాగుడుకే చిరిగి విడిపోయింది, వాళ్ల సిమ్యులేషన్లో అలాంటి రింగే వచ్చింది, పైగా ఆ వాలిన రింగు నీడ బయటి డిస్క్ మీద పడటం కూడా కనిపిస్తోంది. అదే ఏడాది జియాచింగ్ బి బృందం వేరే సమాధానం చెప్పింది, నక్షత్రాల లాగుడు ఒక్కటే చాలకపోవచ్చు, రింగుల మధ్య ఖాళీలో ఏదో గ్రహం ఉండి కబురు తెగ్గొట్టి ఉండొచ్చు అని. 2021లో జెరెమీ స్మాల్‌వుడ్ బృందం ఈ గ్రహం వాదననే ఇంకా ముందుకి తీసుకెళ్లింది, హెడ్‌లైన్లు పుట్టింది అక్కడే.

మన మోటు లెక్కని ఇక్కడ పెట్టి చూస్తే, 46 దగ్గర రింగు తల ఊపడానికి 20 వేల ఏళ్లకి పైనే పడుతుంది, మందం 5 శాతం అనుకుంటే కబురుకి 900 ఏళ్లు చాలు. అంటే చిరగకూడదు, గ్రహం వాదనకి మొగ్గు. కానీ వాలు బాగా ఎక్కువైతే ఈ మోటు లెక్క పనిచెయ్యదని యంగ్ సిమ్యులేషన్లు చెప్పాయి కదా, అది క్రాస్ వైపు మొగ్గు. చివరికి అంతా గ్యాస్ ఎంత చల్లగా, ఎంత పల్చగా ఉంది, ఎంత అల్లకల్లోలంగా ఉంది అనే దగ్గర ఆగుతుంది, ఆ మూడూ కొలవడమే కష్టం. నన్నడిగితే గ్రహం ఉందని రాయడం తొందరపాటే, లేదని రాయడం కూడా అంతే.

కనిపించేది వంపేనా

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆల్మా చూసేది గ్యాస్ మనవైపు ఎంత వేగంగా వస్తోంది, ఎంత వేగంగా పోతోంది అనేది. డిస్క్ వంగితే ఆ వేగాల మ్యాప్ మధ్యలో మెలి తిరుగుతుంది. కానీ డిస్క్ చదునుగానే ఉండి గ్యాస్ లోపలికి జోరుగా పడుతున్నా అచ్చం అదే మెలి కనిపిస్తుంది. హెచ్‌డీ 142527 అనే నక్షత్రం డిస్క్ విషయంలో ఈ రెండు వాదనలూ నడిచాయి. తర్వాత బయటి డిస్క్ మీద పడ్డ రెండు నీడల్ని బట్టి లోపలి డిస్క్ దాదాపు 70 డిగ్రీలు వాలిందని 2015లో తేల్చారు. ఆ తర్వాత ఇదంతా దాని తోడు నక్షత్రం పనే అన్నారు, 2018లో సిమ్యులేషన్ కూడా బాగా కుదిరింది. తీరా కక్ష్యని సరిగ్గా కొలిచాక ఆ తోడు నక్షత్రం చాలా దగ్గర్లో తిరుగుతోందని, లోపలి, బయటి డిస్కుల మధ్య ఉన్న అంత పెద్ద ఖాళీని తవ్వడం దానివల్ల కాదని 2024 నాటికి తేలింది. అందంగా కుదిరిన కథ కూడా ఒక్క కొలతతో కూలిపోవచ్చు.

2025లో ఆల్మాతోనే డిస్కుల వేగాల్ని వివరంగా కొలిచి, చదును అనుకున్న డిస్కుల్లో కూడా అర డిగ్రీ నుంచి రెండు డిగ్రీల దాకా చిన్న వంపులు ఉన్నట్టుందని ఆండ్రూ వింటర్ బృందం చెప్పింది. మన గ్రహాల కక్ష్యలు కూడా ఒకదానితో ఒకటి అంతంత తేడాలోనే ఉంటాయని వాళ్లే గుర్తుచేశారు.

మరి ఆ డిస్కుల్లో పుట్టిన గ్రహాలు

2011లో కెప్లర్ టెలిస్కోప్ కనిపెట్టిన కెప్లర్-16బి రెండు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహం, 41 రోజుల జంట చుట్టూ 229 రోజుల్లో తిరుగుతుంది, దాదాపు అదే తలంలో. ఆ తర్వాత దొరికినవీ చాలావరకు అలాంటివే. కానీ కెప్లర్ పట్టింది నక్షత్రాల ముందు నుంచి వెళ్లే గ్రహాల్ని. నిలువు డిస్క్‌లో పుట్టిన గ్రహం అలా క్రమంగా అడ్డురాదు, వచ్చినా గుర్తుపట్టడం కష్టం, కాబట్టి దొరకలేదంటే లేవని కాదు.

2025 ఏప్రిల్‌లో అలాంటి నిలువు గ్రహానికి ఒక ఆధారం బయటికొచ్చింది. 120 కాంతి సంవత్సరాల దూరంలో 2ఎం1510 అనే చోట రెండు గోధుమ మరుగుజ్జులు, అంటే నక్షత్రం కాలేకపోయిన వస్తువులు, ఒకదాని చుట్టూ ఒకటి 21 రోజుల్లో తిరుగుతున్నాయి. వాటి సాగిన కక్ష్య దిక్కు మెల్లగా వెనక్కి తిరుగుతోంది. అదే తలంలో గ్రహం ఉంటే ముందుకి తిరగాలి, నిలువు కక్ష్యలో గ్రహం ఉంటేనే వెనక్కి తిరుగుతుంది. ఆ గ్రహం వెలుగుని ఎవరూ చూడలేదు, అది ఉందని చెబుతున్నది ఆ జంట వెనకడుగు ఒక్కటే.